820 కిలోమీటర్లకు ఎన్ని గంటలు? మారుమూల విమానాశ్రయాల మధ్య దూరం, కాలం

కెనడా ఉత్తరపు అంచున ఉన్న నునావుట్ రాజధాని ఇకాలువిట్‌కూ, గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌కూ మధ్య గగనమార్గ దూరం సుమారు 820 కిలోమీటర్లు. దూరాన్ని లెక్కగట్టే సాధనం దేనికైనా ఈ రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే క్షణంలో ఈ అంకె వస్తుంది. దాని పక్కనే ప్రయాణకాలం దాదాపు గంటన్నర అని మరో అంకె కూడా వస్తుంది. గంటకు 850 కిలోమీటర్ల వేగాన్ని ఊహించుకుని, విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ మరో అరగంట కలిపితే తేలే లెక్క అది. మొదటి అంకెను నిస్సంకోచంగా నమ్మవచ్చు. రెండోది మాత్రం ఏ విమానానికి వర్తిస్తుందో, ఏ రోజుకు వర్తిస్తుందో, అసలు ఆ రెండు ఊళ్ల మధ్య ఆ రోజు విమానం నడుస్తుందో లేదో ఏమీ చెప్పదు.

పెద్ద నగరాల విషయంలో ఈ రెండు అంకెలూ కలిసే నడుస్తాయి. అక్కడ రన్‌వేలు పొడవుగా ఉంటాయి, తిరిగే విమానాలు ఇంచుమించు ఒకే వేగం గల జెట్‌లు, రోజుకు పలు సర్వీసులు ఉంటాయి, దారిలో ఏదైనా తేడా వస్తే దిగడానికి చుట్టుపక్కల మరిన్ని విమానాశ్రయాలు ఉంటాయి. అందువల్ల దూరం తెలిస్తే కాలం తెలిసినట్టే. మారుమూల విమానాశ్రయాల దగ్గరకు వచ్చేసరికి ఈ లంకె తెగిపోతుంది. దూరం మాత్రం ఎప్పటిలాగే భూగోళం ఆకారాన్ని బట్టి తేలుతుంది. కాలాన్ని తేల్చేవి రన్‌వే పొడవు, దానిమీద దిగగల విమానం రకం, వారానికి నడిచే సర్వీసుల సంఖ్య, ఆ ఊరు ఏ మహానగరానికి ముడిపడి ఉందన్న చరిత్ర. ఈ రెంటినీ విడదీసి చూస్తే తప్ప 820 అనే అంకెకు ప్రయాణికుడి దృష్టిలో అర్థం ఏమిటో తేలదు.

ముందుగా తేలికైనది, అంటే దూరం. ప్రతి విమానాశ్రయానికీ దాని స్థానాన్ని సూచించే ఒక అధికారిక బిందువు ఉంటుంది. సాధారణంగా అది రన్‌వేల మధ్యభాగానికి దగ్గరలో ఉంటుంది. రెండు బిందువుల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే, భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం గల గోళంగా తీసుకుని, త్రికోణమితి సూత్రంతో వాటి మధ్య అతి దగ్గరి దారి పొడవును కనుక్కోవచ్చు. ఇందులో తరచుగా పొరబడే చోటు రేఖాంశం. భూమధ్యరేఖ దగ్గర ఒక్కో రేఖాంశ డిగ్రీ వెడల్పు సుమారు 111 కిలోమీటర్లు. ధ్రువాల వైపు పోయేకొద్దీ అది కుంచించుకుపోతుంది, 60 డిగ్రీల అక్షాంశం వద్ద సరిగ్గా సగమవుతుంది. ఇకాలువిట్, నూక్ రెండూ 64 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరలో ఉన్నాయి, వాటి రేఖాంశాల మధ్య తేడా దాదాపు 17 డిగ్రీలు. ఈ కుంచింపును మరచి 17ను 111తో గుణించినవారికి 1,900 కిలోమీటర్లు కనిపిస్తాయి. ఆ అక్షాంశం వద్ద డిగ్రీ వెడల్పు 49 కిలోమీటర్లేనని గుర్తుంచుకున్నవారు 820 దరిదాపులకు చేరుకుంటారు.

భూమి నిజానికి గోళం కాదు; భూమధ్యరేఖ వద్ద దాని వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల వద్ద 6,357 కిలోమీటర్లు. ఈ నొక్కును లెక్కలోకి తీసుకునే పద్ధతుల్లో 1975లో విన్సెంటీ ప్రకటించిన సూత్రాలు బాగా వాడుకలో ఉన్నాయి. భూగోళంపై దాదాపు ఎదురెదురుగా ఉన్న బిందువుల విషయంలో అవి ఒక్కోసారి సమాధానానికి రాకుండా తిరుగుతూనే ఉంటాయి. ఆ లోపాన్ని సరిదిద్దిన పద్ధతిని కార్నీ 2013లో వెలువరించాడు. సర్వేయర్లకు ఇవి అవసరమే కానీ ప్రయాణికులకు అంతగా అక్కర్లేదు. గోళంగా లెక్కించడం వల్ల వచ్చే దోషం ఎంత ఎక్కువైనా అర శాతం వరకే ఉంటుంది. 820 కిలోమీటర్లలో అది నాలుగు కిలోమీటర్లు. గాలి వాలును బట్టి రన్‌వేకు ఇటు చివరి నుంచి కాక అటు చివరి నుంచి దిగాల్సి వస్తే విమానం తిరిగే చుట్టు దానికన్నా ఎక్కువే ఉంటుంది. అంకెల దగ్గర అసలు జాగ్రత్త పడవలసింది కొలమానం విషయంలో. వైమానిక లెక్కలు నాటికల్ మైళ్లలో జరుగుతాయి; ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు. ఒకే దూరం 820 కిలోమీటర్లుగానూ, 510 మైళ్లుగానూ, 443 నాటికల్ మైళ్లుగానూ కనిపిస్తుంది. ఏ పట్టికలో ఏ మైలు ఉందో చూడకుండా వేగంతో భాగిస్తే కాలం కూడా తప్పుతుంది.

భూగోళంపై అతి దగ్గరి దారి మహావృత్తపు, అంటే భూమిని సరిసమానంగా రెండుగా కోసే వృత్తపు, ముక్క కాబట్టి, గోడకు తగిలించిన పటంపై అది వంకరగా కనిపిస్తుంది. నూక్, ఇకాలువిట్‌ల మధ్య దూరం తక్కువ కనుక ఈ వంపు వల్ల వచ్చే తేడా రెండు మూడు కిలోమీటర్లకు మించదు. అదే అలాస్కా ఉత్తర కొసన ఉన్న ఉట్కియాగ్విక్‌నూ, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌ఇయర్‌బ్యెన్‌నూ తీసుకుంటే పటం ఎంత మోసం చేస్తుందో తెలుస్తుంది. సాధారణ పటంలో ఒకటి ఎడమ అంచున, మరొకటి నడిమధ్యన, ఒకదానికొకటి ఎంతో దూరంగా ఉంటాయి. వాటి రేఖాంశాల మధ్య తేడా 172 డిగ్రీలు, అంటే ఉత్తర ధ్రువానికి ఇటొకటి అటొకటి అన్నమాట. దాదాపు ధ్రువం మీదుగా కొలిస్తే వాటి మధ్య దూరం సుమారు 3,380 కిలోమీటర్లు మాత్రమే; ఒక మామూలు జెట్ విమానం నాలుగున్నర గంటలలోపు దాటగల దూరం.

ఆ దారిలో ప్రయాణికుల సర్వీసు లేదు. ఉట్కియాగ్విక్ నుంచి బయలుదేరే మనిషి ముందు దక్షిణానికి ఆంకరేజ్‌కు, అక్కడి నుంచి సియాటిల్‌కు, అట్లాంటిక్ మీదుగా ఐస్‌లాండ్‌కు, తరువాత ఓస్లోకు వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ఉత్తరానికి 2,000 కిలోమీటర్లు ఎగిరితే గానీ లాంగ్‌ఇయర్‌బ్యెన్ రాదు. ఈ అంచెలన్నిటి దూరాలూ కలిపితే సుమారు 13,100 కిలోమీటర్లు అవుతుంది, అంటే నేరు దారికి దాదాపు నాలుగింతలు. రెండు ఊళ్లూ ధ్రువానికి దగ్గరలోనే ఉన్నా వాటి మధ్య ప్రయాణం 47 డిగ్రీల అక్షాంశం దాకా దిగివస్తుంది. విమానాలు ధ్రువ ప్రాంతం మీదుగా పోలేవని కాదు. మహానగరాల మధ్య తిరిగే పెద్ద విమానాలు ఆ ఆకాశాన్ని వాడుకుంటూనే ఉన్నాయి. నాలుగైదు వేల మంది ఉన్న ఊరి నుంచి, రెండు మూడు వేల మంది ఉన్న మరో ఊరికి విమానాన్ని నింపేటంత మంది ప్రయాణికులు ఉండరు. కారణం అంతే.

ఇక కాలం. విమానయాన సంస్థలు టైమ్‌టేబుల్‌లో వేసేది గాలిలో ఉండే సమయం కాదు, బ్లాక్ టైమ్. విమానం నిలిచిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలుకొని గమ్యంలో నిలిచి చక్రాలకు అడ్డుకట్టలు పడేదాకా గడిచే సమయం అది. ఇందులో రన్‌వే దాకా నేలమీద నడక, ఆరోహణ, సమతల ప్రయాణం, అవరోహణ, మళ్లీ నేలమీద నడక అన్నీ కలిసి ఉంటాయి. సమతల ప్రయాణంలో మాత్రమే విమానం తన పేరుకున్న వేగంతో సాగుతుంది. 30,000 అడుగుల నుంచి దిగే విమానానికి, ప్రతి వెయ్యి అడుగులకూ మూడు నాటికల్ మైళ్లన్న పైలట్ల మోటు లెక్క ప్రకారం 90 నాటికల్ మైళ్లు, అంటే 167 కిలోమీటర్లు కావాలి. ఎక్కడానికి కూడా ఇంచుమించు అంతే పడుతుంది. కాబట్టి 300 కిలోమీటర్ల దూరంలో జెట్ విమానానికి తన గరిష్ఠ వేగాన్ని చూపే అవకాశమే రాదు. అంత ఎత్తుకు చేరకముందే దిగడం మొదలుపెట్టాలి. ఏటీఆర్, డాష్ 8 వంటి టర్బోప్రాప్ (ప్రొపెల్లర్‌తో నడిచే) విమానాలు గంటకు 500 కిలోమీటర్ల వేగంతోనే పోయినా, తక్కువ ఎత్తులో ఎగురుతాయి కనుక త్వరగా సమతలానికి వస్తాయి. అందుకే ఆ 300 కిలోమీటర్లకు కాగితం మీద దాదాపు 15 నిమిషాలుగా కనిపించే తేడా ఆచరణలో ఇంకా తగ్గిపోతుంది. ప్రాంతీయ మార్గాల్లో టర్బోప్రాప్‌లు పాతబడిపోకుండా నిలవడానికి ఇంధనం పొదుపుతో పాటు ఇదీ ఒక కారణం.

దూరం మరీ తగ్గితే బ్లాక్ టైమ్ అన్న మాట విచిత్రంగా మారుతుంది. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రేల మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. ప్రపంచంలోకెల్లా చిన్న క్రమబద్ధ విమాన సర్వీసుగా పేరొందిన ఈ దారికి టైమ్‌టేబుల్‌లో రెండు నిమిషాలు కేటాయించారు. గాలి కలిసివచ్చిన ఒకసారి 53 సెకన్లలోనే దాటారు. అక్కడ గంటకు 850 కిలోమీటర్ల సూత్రం వేసి, అరగంట కలిపితే వచ్చే సమాధానం నవ్వు పుట్టిస్తుంది.

గాలి గురించి కొంచెం ఎక్కువగానే చెప్పుకోవాలి, ఎందుకంటే విమానం వేగం గాలితో పోల్చి చెప్పేది, దూరం నేలతో పోల్చి చెప్పేది. 280 నాట్ల, అంటే గంటకు 280 నాటికల్ మైళ్ల, వేగం గల డాష్ 8 విమానం నూక్ నుంచి పడమరకు 40 నాట్ల ఎదురుగాలిలో ఎగిరితే నేలమీద దాని వేగం 240 నాట్లే. 443 నాటికల్ మైళ్లకు గంటా 51 నిమిషాలు పడుతుంది. తిరుగు దారిలో అదే గాలి వెనుక నుంచి తోస్తే గంటా 23 నిమిషాలు చాలు. రెండూ కలిపితే 3 గంటల 14 నిమిషాలు. గాలే లేకపోతే రానూపోనూ 3 గంటల 10 నిమిషాలు పట్టేది. పోయేటప్పుడు నష్టపోయినదంతా వచ్చేటప్పుడు తిరిగివస్తుందని అనుకోవడం సహజమే కానీ, అది నిజం కాదు. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది, అనుకూలమైన గాలిలో తక్కువసేపు ఉంటుంది. కనుక నష్టమెప్పుడూ లాభాన్ని మించే ఉంటుంది. గాలి పక్క నుంచి వీచినా ఉచితం కాదు. దారి తప్పకుండా ముక్కును గాలివైపు కాస్త తిప్పి పట్టాలి కాబట్టి ముందుకు సాగే వేగం కొంత తగ్గుతుంది. దూరం పెరిగేకొద్దీ ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. చిలీ రాజధాని శాంటియాగో నుంచి పసిఫిక్‌లోని ఈస్టర్ దీవికి 3,750 కిలోమీటర్లు. పడమటి దిశలో ఐదున్నర గంటల ప్రయాణం, తూర్పుకు తిరిగి వచ్చేటప్పుడు ఐదు గంటలలోపే ముగుస్తుంది.

విమానం వేగం ఎంత అన్న ప్రశ్న కంటే ముందు, ఏ విమానం అక్కడ దిగగలదన్న ప్రశ్న ఉంది. నూక్ రన్‌వే చాలాకాలం 950 మీటర్లే. దానిమీద పెద్ద జెట్‌లు దిగే మాటే లేదు. చిన్న రన్‌వేలకు అనువైన డాష్ 8 వంటివే దిగేవి. గ్రీన్‌లాండ్ ఏ రాజ్యంలో భాగమో ఆ డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ నుంచి వచ్చే పెద్ద విమానం, రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికన్లు నిర్మించిన కాంగర్లుసువాక్ స్థావరంలోని పొడవైన రన్‌వేపై దిగేది. అక్కడ ప్రయాణికులు చిన్న విమానంలోకి మారి, దక్షిణానికి మరో 320 కిలోమీటర్లు ఎగిరి తమ రాజధానికి చేరుకునేవారు. కొన్ని వందల మంది మాత్రమే నివసించే చోటు దేశమంతటికీ ముఖద్వారమైంది. 2024 నవంబరు 28న నూక్‌లో 2,200 మీటర్ల రన్‌వే ప్రారంభమయ్యాక ఆ మార్పిడి అక్కర్లేకుండా పోయింది. కోపెన్‌హాగెన్‌కూ నూక్‌కూ మధ్య దూరం ఒక్క కిలోమీటరు కూడా తగ్గలేదు, ప్రయాణకాలం మాత్రం గంటల కొద్దీ తగ్గింది. మారుమూల ప్రాంతాల్లో విమాన వేగాన్ని పెంచడం కన్నా నేలమీద కాంక్రీటు పరచడమే కాలాన్ని ఎక్కువగా కుదించగలదు.

ఇకాలువిట్, నూక్‌ల జంటలో అసలు చిక్కు మార్గాల అల్లికలో ఉంది. డేవిస్ జలసంధికి ఇరువైపులా నివసించేవారు ఇన్యూట్ జాతివారే, భాషలు కూడా దగ్గరి చుట్టాలే. కానీ ఇకాలువిట్ పాలన, సరకులు, ఆసుపత్రులు ఒట్టావా, మాంట్రియాల్‌ల వైపు చూస్తాయి. నూక్‌వి కోపెన్‌హాగెన్ వైపు చూస్తాయి. విమాన మార్గాలు కూడా ఆ దిశల్లోనే పెరిగాయి. రెండు ఊళ్ల మధ్య నేరు సర్వీసు 2012లో మొదలై కొన్నేళ్లకే ఆగిపోయింది. 2024 వేసవిలో వారానికి ఒక్క సర్వీసుగా మళ్లీ నడిచింది. ఆ సర్వీసు లేని కాలంలో ఇకాలువిట్ వాసి దక్షిణానికి ఒట్టావాకు 2,100 కిలోమీటర్లు, అక్కడి నుంచి టొరంటోకు, టొరంటో నుంచి ఐస్‌లాండ్‌కు 4,170 కిలోమీటర్లు, ఐస్‌లాండ్ నుంచి వెనక్కి పడమరకు నూక్‌కు 1,400 కిలోమీటర్లు పోవాలి. మొత్తం సుమారు 8,000 కిలోమీటర్లు, నేరు దూరానికి దాదాపు పదింతలు. మధ్యలో విమానాలు ఏ రోజుకు ఆ రోజు అందవు కనుక ఒకటి రెండు రాత్రులు దారిలోనే గడుస్తాయి. గమ్యాన్ని దాటుకుని ముందుకు పోయి మళ్లీ వెనక్కి రావలసిన ఈ చుట్టుదారిని దూరపు పట్టిక ఏదీ చూపదు.

అయితే వారానికి ఒకసారి నడిచే నేరు విమానం ఎప్పుడూ చుట్టుదారి కన్నా త్వరగా చేరుస్తుందని చెప్పలేము. వారానికి ఒకే సర్వీసు ఉన్నప్పుడు, అవసరం ఏ రోజైనా పడవచ్చుననుకుంటే, సగటున మూడున్నర రోజులు ఎదురుచూడాలి. అంటే 84 గంటలు. దానిముందు గంటా నలభై నిమిషాల ప్రయాణం లెక్కలోకే రాదు. చుట్టుదారిలో రెండు రోజులు పట్టినా, బయలుదేరడానికి దాదాపు ప్రతిరోజూ వీలుంటే, తొందరపని ఉన్నవారికి 8,000 కిలోమీటర్ల దారే దగ్గరి దారి అవుతుంది. ముందే ప్రణాళిక వేసుకునేవారికి ఈ నిరీక్షణ ఇంటివద్దే గడిచిపోతుంది కనుక అది వారికి నష్టంగా తోచదు. కానీ ఒక పూట పనికోసం వెళ్లినా తిరుగు విమానం కోసం వారం రోజులు ఉండిపోక తప్పదు. ప్రయాణకాలం అన్న మాటలో ఈ వారం కూడా చేరుతుందా లేదా అన్నది ప్రయాణికుడి అవసరాన్ని బట్టి మారుతుంది. దీనికి ఒకే సమాధానం ఉండదు.

దక్షిణ అట్లాంటిక్‌లో ఈ విషయం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సెయింట్ హెలెనా దీవికి 2017 అక్టోబరు దాకా క్రమబద్ధ విమాన సర్వీసే లేదు. కేప్‌టౌన్ నుంచి ఓడలో ఐదు రోజుల ప్రయాణం. విమానాశ్రయం కట్టాక కూడా, కొండ అంచున ఉన్న రన్‌వే దగ్గర గాలి దిశ, వేగం ఉన్నట్టుండి మారుతుండడంతో ప్రారంభం ఏడాదికి పైగా వెనక్కి జరిగింది. అక్కడి నుంచి వాయవ్యాన ఉన్న అసెన్షన్ దీవికి 1,300 కిలోమీటర్లు, జెట్‌లో సుమారు రెండు గంటలు. ఈ సర్వీసు మొదలైనప్పటి నుంచి ప్రధానంగా నెలకొక్కసారి నడిచింది. రెండు గంటల దారికి సగటు నిరీక్షణ పక్షం రోజులు.

దీనికి భిన్నమైన పరిస్థితి కూడా ఉంది. పశ్చిమ పసిఫిక్‌లో మార్షల్ దీవుల రాజధాని మజురో నుంచి, మైక్రోనేషియాలోని చూక్‌కు నేరుగా కొలిస్తే 2,140 కిలోమీటర్లు. హోనొలులు నుంచి గువామ్ దాకా దీవి దీవికీ ఆగుతూ పోయే ప్రసిద్ధమైన జెట్ సర్వీసు ఈ రెంటినీ కలుపుతుంది; మధ్యలో క్వాజలీన్, కోస్రే, పోన్‌పేలలో దిగుతుంది. ఈ దీవులు ఇంచుమించు ఒకే వరుసలో ఉండడం వల్ల దారి 2,340 కిలోమీటర్లే అవుతుంది, నేరు దూరానికి తొమ్మిది శాతమే ఎక్కువ. కానీ నాలుగు ఆరోహణలు, నాలుగు అవరోహణలు, ఒక్కోచోట ముప్పావు గంట చొప్పున మూడు మజిలీలు కలిపితే, ఆగకుండా పోతే మూడు గంటలు పట్టే దారికి ఆరున్నర, ఏడు గంటలు పడుతుంది. క్వాజలీన్ అమెరికా సైనిక స్థావరం కనుక అనుమతి లేనివారు విమానంలోంచి దిగడానికి కూడా వీలుండదు. దారిలో ఏదైనా చెడిపోతే బాగుచేయించే ఏర్పాటు దీవుల్లో అంతగా ఉండదు. అందుకే ఈ విమానంలో మెకానిక్ కూడా కూర్చుని ప్రయాణిస్తాడు. ఇకాలువిట్ చుట్టుదారిలో దూరం పదింతలైంది. ఇక్కడ దూరం అంతే ఉండి కాలం రెండింతలైంది. దూరాన్ని వేగంతో భాగించే సూత్రం రెండు చోట్లా పనికిరాదు, అయితే కారణాలు వేరు.

విమానం దిగిన తరువాత మిగిలే దారిని కూడా పక్కన పెట్టలేము. ఫ్రెంచ్ పాలినేషియాలో గాంబియర్ దీవుల విమానాశ్రయం టోటెగెగీ జనావాసం లేని ఇసుక దిబ్బలాంటి దీవిపై ఉంది. అక్కడ దిగినవారు రికిటేయా ఊరికి పడవలో సరస్సు దాటి వెళ్లాలి. నేపాల్‌లో ఎవరెస్ట్ వైపు వెళ్లేవారి లుక్లా విమానాశ్రయం 2,845 మీటర్ల ఎత్తున, 527 మీటర్ల రన్‌వేతో, కొండ వాలుపై ఉంది. రద్దీ నెలల్లో కాఠ్మాండూ విమానాశ్రయంపై ఒత్తిడి తగ్గించడానికి చాలా విమానాలను రామెఛాప్ నుంచి నడుపుతారు. అక్కడి నుంచి లుక్లాకు పావుగంటకు కాస్త మించిన ప్రయాణం. కాఠ్మాండూ నుంచైతే అరగంట. గాలిలో దూరం తగ్గింది, కాలమూ తగ్గింది. కానీ ఆ చిన్న విమానం ఎక్కడానికి నడిరాత్రి లేచి కొండదారిలో నాలుగైదు గంటలు బండిలో పోవాలి. గగన దూరం సగమై ప్రయాణం పెరిగిన ఇలాంటి ఉదాహరణ మరొకటి చటుక్కున దొరకదు.

మారుమూల విమానాశ్రయానికి బయలుదేరే ముందు పైలట్ వేసే ఇంధనం లెక్క కూడా కాలాన్ని శాసిస్తుంది. గమ్యం చేరడానికి కావలసిన ఇంధనంతో పాటు, అక్కడ దిగలేకపోతే మరో విమానాశ్రయానికి వెళ్లడానికి, ఆపైన జెట్, టర్బోప్రాప్ విమానాలకైతే చివరి నిల్వగా మరో 30 నిమిషాలు గాలిలో ఉండడానికి సరిపడా ఇంధనం ఉండాలి. ఈస్టర్ దీవి వంటి చోట్లకు ప్రత్యామ్నాయమే దొరకదు; దానికి అతి దగ్గరలో ఉన్నది పైన చెప్పిన టోటెగెగీ విమానాశ్రయమే, అది 2,600 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇలాంటి ఏకాకి విమానాశ్రయాలకు అంతర్జాతీయ నిబంధనలు వేరే దారి చూపాయి: గమ్యం పైన దాదాపు రెండు గంటలు తిరగడానికి సరిపడే ఇంధనం వెంట ఉండాలి, వెనక్కి తిరగగల చివరి బిందువు దాటేముందు గమ్యంలో వాతావరణం దిగడానికి అనువుగా ఉందని ధ్రువపడాలి. ఇంధనం బరువు పెరిగినకొద్దీ ప్రయాణికులూ సామానూ తగ్గుతారు, టికెట్ ధర పెరుగుతుంది, సర్వీసులు తగ్గుతాయి, నిరీక్షణ పెరుగుతుంది. పొగమంచో పెనుగాలో ఉంటే విమానం బయలుదేరదు, లేదా గమ్యం దాకా పోయి చుట్టూ తిరిగి వెనక్కి వచ్చేస్తుంది. మూడు గంటలు ఎగిరి, ఎక్కిన చోటే దిగిన ప్రయాణికుడికి ఆ రోజు దాటిన దూరం సున్నా.

చివరగా గడియారం. టైమ్‌టేబుల్‌లో బయలుదేరే వేళ బయలుదేరే ఊరిది, చేరే వేళ చేరే ఊరిది. గ్రీన్‌లాండ్ 2023లో తన కాలమండలాన్ని మార్చుకున్నాక, ఏడాదిలో ఎక్కువ రోజులు నూక్ గడియారం ఇకాలువిట్ కన్నా మూడు గంటలు ముందుంటుంది. ఎదురుగాలిని, నేలమీద నడకనూ కలుపుకొని రెండు గంటలు పట్టే విమానం నూక్‌లో మధ్యాహ్నం 12 గంటలకు బయలుదేరితే, ఇకాలువిట్‌లో అదే రోజు ఉదయం 11 గంటలకు దిగుతుంది. గంటా నలభై నిమిషాల తిరుగు ప్రయాణం టైమ్‌టేబుల్‌లో 4 గంటల 40 నిమిషాలుగా కనిపిస్తుంది. వేసవి వేళలకు గడియారాలు మార్చుకునే తేదీలు ఉత్తర అమెరికాలో ఒకటి, ఐరోపా పద్ధతిని అనుసరించే గ్రీన్‌లాండ్‌లో మరొకటి. అందువల్ల మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబరు చివర ఒక వారం ఆ తేడా రెండు గంటలకు తగ్గుతుంది. ఆ రోజుల్లో నూక్ నుంచి పడమరకు ఎగిరే రెండు గంటల విమానం, గడియారాల ప్రకారం, బయలుదేరిన నిమిషంలోనే గమ్యం చేరుతుంది.